గోల్ఫ్ మైదానానికి మార్కులు వేయగలరా?

పచ్చిక ఎలా ఉంది, ఆట పూర్తవడానికి ఎంతసేపు పడుతుంది, చివరికి జేబులోంచి ఎంత పోతుంది... ఆదివారం ఒక్కపూట ఆడుకుందామని బయల్దేరేవారికి కావాల్సింది ఇదే. దాన్ని ఉన్నదున్నట్టు రాయడం నేర్చుకుంటే క్రీడా, పర్యటక రంగాల్లో తొలి అడుగు వేయొచ్చు.

పాతికేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు ఢిల్లీలో ఆరు నెలల కిందట గోల్ఫ్ మొదలుపెట్టారనుకోండి. క్లబ్ సభ్యత్వం లేదు. దానికి పెట్టేంత డబ్బూ లేదు. వారానికి ఒక్క ఆదివారం, అదీ నాలుగైదు గంటలే ఖాళీ. ఎక్కడ ఆడాలా అని ఫోన్‌లో వెతికితే ఏం దొరుకుతుంది? ‘కనువిందు చేసే పచ్చదనం, ప్రపంచస్థాయి సౌకర్యాలు, తప్పక చూడాల్సిన చోటు.’ ఇందులో ఒక్క ముక్కైనా ఆయనకు పనికొస్తుందా? ఉదయం ఏడింటికి వెళ్తే ఆట ఎప్పుడు మొదలవుతుంది? స్టిక్‌లు అద్దెకిస్తారా? క్యాడీని తప్పనిసరిగా పెట్టుకోవాలా? పొగమంచుతో ఆట ఆగితే కట్టిన డబ్బు సంగతేంటి? వీటికి జవాబు చెప్పేదే సమీక్ష. మిగతాదంతా ప్రకటన.

ఈ పేజీలో కోర్సు అనగానే మీకు ఎంబీఏనో ఎంటెక్కో గుర్తుకు రావడం సహజం. ఈ ఒక్కసారికి కోర్సు అంటే 18 హోల్స్ ఉన్న పచ్చిక మైదానం అనుకోండి.

‘గోల్ఫ్ డబ్బున్నోళ్ల ఆట కదా, మనకెందుకులే’ అంటారా? సగం నిజమే. మన దేశంలో ఎక్కువ మైదానాలు క్లబ్బుల చేతిలోనో, సైన్యం చేతిలోనో, రిసార్టుల చేతిలోనో ఉన్నాయి. మిగతా సగం కూడా వినండి. ఢిల్లీ లాడో సరాయ్‌లో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ నడిపే కుతుబ్ గోల్ఫ్ కోర్సుకు దేశంలోనే తొలి పబ్లిక్ కోర్సు అని పేరు. రుసుం కట్టి ఎవరైనా ఆడొచ్చు. తలెత్తితే కుతుబ్ మినార్ కనిపిస్తుంది. స్కాట్లండ్‌లో గోల్ఫ్‌కు పుట్టిల్లుగా చెప్పుకొనే సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు కూడా ప్రైవేటు క్లబ్బుది కాదు, ఊరి ఉమ్మడి నేల. ఆదివారం మామూలుగా అక్కడ ఆట ఉండదు. ఊరివాళ్లు కుక్కల్ని తీసుకుని ఫెయిర్‌వేల మీద షికారు చేస్తారు. ఎంతో దూరం నుంచి వెళ్లి సరిగ్గా ఆదివారమే దిగినవారి పరిస్థితి ఊహించండి. సమీక్షలో ‘ఆదివారం సెలవు’ అన్న రెండు మాటలుంటే ఆ ప్రయాణం వృథా కాదు.

న్యూజెర్సీలోనో న్యూయార్క్‌లోనో మీ అన్నయ్యో అక్కో ఉంటే లాంగ్ ఐలాండ్‌లోని బెత్‌పేజ్ గురించి అడగండి. అది స్టేట్ పార్కు. అందులో ఐదు గోల్ఫ్ కోర్సులున్నాయి. వాటిలో బ్లాక్ కోర్సు మీద 2002లోనూ, 2009లోనూ యూఎస్ ఓపెన్ జరిగింది. 2019లో పీజీఏ చాంపియన్‌షిప్, 2025లో రైడర్ కప్ కూడా అక్కడే. ప్రపంచంలోని మేటి ఆటగాళ్లు ఆడిన నేల మీద మామూలు ఉద్యోగి రుసుం కట్టి ఆడొచ్చు. అందుకే ముందురోజు రాత్రే వచ్చి పార్కింగులో కారులో పడుకునేవాళ్లున్నారు. మొదటి టీ దగ్గర పెద్ద బోర్డు ఉంటుంది: ఇది చాలా కష్టమైన కోర్సు, బాగా నైపుణ్యం ఉన్నవాళ్లే ఆడితే మంచిదని హెచ్చరిక. బ్యాటరీ బండ్లు లేవు, 18 హోల్స్ నడవాల్సిందే. కొత్తగా ఆట మొదలుపెట్టినవారిని ‘ఫేమస్ కదా’ అని అక్కడికి పంపితే అది సమీక్ష కాదు, శిక్ష. ఆ పార్కులోనే ఉన్న మిగతా నాలుగింటిలో వారికి సరిపోయేది ఏదో చెప్పడం అసలు పని.

ర్యాంకులతో వచ్చే ఇబ్బంది ఇదే. ‘టాప్ 100’ జాబితాలు వేసే పత్రికల ప్యానెళ్లలో సాధారణంగా బాగా ఆడేవాళ్లే ఉంటారు. కోర్సు డిజైన్, షాట్లలో వైవిధ్యం, అందం, గుర్తుండిపోయే గుణం చూసి మార్కులు వేస్తారు. తప్పేం లేదు. కానీ పక్క కాలనీ నుంచి స్కూటర్ మీద వచ్చే ఆటగాడి ప్రశ్నలు వేరు. ఆయనకు ప్రపంచంలో గొప్ప కోర్సు అక్కర్లేదు. ఇంటికి ముప్పావు గంట దూరంలో ఉన్న రెండింటిలో ఈ ఆదివారం ఏది మేలో తెలిస్తే చాలు.

అమెరికా కోర్సు డిజైనర్ టామ్ డోక్ స్నేహితుల కోసం రాసుకున్న నోట్సు తర్వాత ‘ది కాన్ఫిడెన్షియల్ గైడ్ టు గోల్ఫ్ కోర్సెస్’ పుస్తకంగా వచ్చి పేరు తెచ్చుకుంది. సున్నా నుంచి పది దాకా ఆయన వేసే మార్కుల్లో ఓ విశేషం ఉంది. సగటు కోర్సుకు మూడే. సున్నా మాత్రం పేద మైదానానికి కాదు, కోట్లు గుమ్మరించి సహజత్వం లేకుండా కట్టిన ఆర్భాటపు కోర్సుకు! ఉన్న కొద్దిపాటి నేలలో, తక్కువ ఖర్చుతో నడిచే చిన్న కోర్సుకు అంతకంటే ఎక్కువే వస్తుంది. మీరు ఆయన కొలబద్దనే వాడక్కర్లేదు. కానీ మీ మార్కు దేనికో ముందే చెప్పే అలవాటు ఆయన దగ్గర నేర్చుకోండి.

అంకెలు చదవడం వచ్చా?

స్కోరుకార్డు చేతికిస్తారు. దాని మీద పార్, యార్డులు, కోర్సు రేటింగ్, స్లోప్ అని ఉంటాయి. చాలామంది పార్ చూసి పక్కన పెట్టేస్తారు. పార్ 72 అంటే నిపుణుడైన ఆటగాడు 18 హోల్స్‌ను 72 షాట్లలో ముగించాలని లెక్క. అయితే పార్ 72 కోర్సులన్నీ ఒకేలా కష్టంగా ఉండవు. ఆ తేడా చెప్పడానికే మిగతా రెండు అంకెలు. కోర్సు రేటింగ్ అంటే హ్యాండీక్యాప్ సున్నా ఉన్న ఆటగాడు మామూలు పరిస్థితుల్లో ఎన్ని షాట్లలో ముగిస్తాడన్న అంచనా. స్లోప్ అంటే అదే కోర్సు ఆయనతో పోలిస్తే సాదాసీదా ఆటగాడికి ఎంత ఎక్కువ కష్టమో చెప్పే అంకె. ఇది 55 నుంచి 155 దాకా ఉంటుంది. ప్రామాణికం 113.

లెక్క చేసి చూద్దాం. 2020లో అమల్లోకి వచ్చిన వరల్డ్ హ్యాండీక్యాప్ సిస్టమ్‌లో మీ హ్యాండీక్యాప్ ఇండెక్స్‌ను స్లోప్‌తో గుణించి 113తో భాగిస్తారు. కోర్సు రేటింగ్‌కూ పార్‌కూ తేడా ఉంటే దాన్ని కలుపుతారు. రేటింగ్, పార్ సమానమే అనుకుందాం. ఇండెక్స్ 20 ఉన్నవారికి స్లోప్ 113 ఉన్న చోట 20 షాట్ల మినహాయింపు వస్తుంది. స్లోప్ 135 ఉన్న చోట 20ని 135తో గుణించి 113తో భాగిస్తే 23.9, అంటే 24. అదే మనిషి, అదే ఆట, నాలుగు షాట్ల తేడా. బీటెక్ కుర్రాళ్లకు ఇదో లెక్కా అనకండి. దీన్ని మామూలు మాటల్లో ‘కొత్తవాళ్లకు ఈ కోర్సు మీద నాలుగు బంతులు ఎక్కువ పోతాయి, ఎందుకంటే ఏడు హోల్స్‌లో నీళ్లు అడ్డం ఉన్నాయి’ అని చెప్పగలిగితేనే సమీక్ష అవుతుంది. అంకె మాత్రమే కావాలంటే స్కోరుకార్డు చాలు, మీరెందుకు?

ఇంకో సంగతి. రేటింగ్, స్లోప్ ఒక్కో టీకి వేరు, ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరు. అందువల్ల ఏ టీ నుంచి ఆడారో రాయకుండా ‘కోర్సు చాలా పొడవు’ అనేస్తే అర్థమే లేదు. వెనుక టీ నుంచి 7,000 యార్డులున్న కోర్సు ముందు టీ నుంచి 5,500 యార్డులే ఉండొచ్చు. ముందు టీలను శ్రద్ధగా నేల చదును చేసి కట్టారా, లేక ఫెయిర్‌వే మొదట్లో రెండు గుర్తులు పాతి వదిలేశారా? ఆడవాళ్లు, పెద్దవాళ్లు, పిల్లలు ఆడేది అక్కడి నుంచే. మధ్యలో టాయిలెట్ ఎన్నో హోల్ దగ్గరుంది, తాళం తీసి ఉందా అన్నది కూడా చూడండి. నవ్వొచ్చినా సరే, నాలుగు గంటలు బయట ఉండే ఆట ఇది.

పచ్చిక రంగు చూసి మోసపోవద్దు

జనవరిలో ఢిల్లీ వెళ్లి ఫెయిర్‌వే గోధుమ రంగులో ఉందని ‘నిర్వహణ దారుణం’ అని రాసేస్తారు కొందరు. బెర్ముడా జాతి గడ్డి చలికి నిద్రాణంలోకి వెళ్తుంది. రంగు పోతుంది తప్ప చావదు. ఎండలు రాగానే మళ్లీ లేస్తుంది. బంతి కింద గడ్డి ఒత్తుగా ఉందా, మట్టి కనిపిస్తోందా అన్నది చూడాలి. గోధుమ రంగు మీద కూడా బంతి చక్కగా కూర్చుంటుంది, పచ్చగా ఉన్నా చిత్తడిగా ఉంటే కూరుకుపోతుంది.

గ్రీన్‌ల దగ్గర ఇంకొంచెం ఓపిక కావాలి. ఏడాదిలో కొన్నిసార్లు గ్రీన్‌ల నిండా చిన్న రంధ్రాలు చేసి ఇసుక చల్లుతారు. నేల గట్టిపడకుండా, వేళ్లకు గాలీ నీరూ అందేలా చేసే పని ఇది. చేసిన వారం పది రోజులు బంతి గెంతుతూ పోతుంది. ఆ రోజుల్లో ఆడినవారికి చిరాకే, కానీ ఆ పని చేయని కోర్సు కొన్నాళ్లకు పాడైపోతుంది. కాబట్టి ‘గ్రీన్‌లు బాలేవు’ అని కాదు, ‘మేం వెళ్లిన వారమే ఇసుక వేశారు, బుకింగ్ దగ్గర ఆ ముక్క చెప్పలేదు, రుసుమూ తగ్గించలేదు’ అని రాయాలి. తప్పు ఇసుకది కాదు, చెప్పకపోవడానిది.

గ్రీన్ వేగాన్ని కొలవడానికి స్టింప్‌మీటర్ అనే అల్యూమినియం పట్టీ ఉంది. మూడు అడుగుల పొడవు. దాని గాడిలో బంతి పెట్టి ఒక చివర నెమ్మదిగా లేపితే బంతి జారి గ్రీన్ మీద ఎన్ని అడుగులు పోతుందో అదే వేగం. సమతలంగా ఉన్న చోట అటూ ఇటూ కొలిచి సగటు తీస్తారు. పబ్లిక్ కోర్సుల్లో ఎనిమిది, తొమ్మిది అడుగులుంటే మామూలు ఆటగాళ్లకు హాయి. పెద్ద టోర్నీల్లో పదకొండు, పన్నెండు దాటుతుంది. మీ దగ్గర ఆ పరికరం ఉండదు, ఎవరూ వాడనివ్వరు కూడా. ప్రాక్టీస్ గ్రీన్‌కూ అసలు గ్రీన్‌కూ వేగం ఒకేలా ఉందా అన్నది మాత్రం గమనించొచ్చు. ప్రాక్టీస్‌లో ఒకలా, లోపల ఇంకోలా ఉంటే మొదటి మూడు హోల్స్ పోయినట్టే. అది రాయండి.

వానాకాలంలో నీరు ఎంతసేపు నిలుస్తుందో చెప్పడం మన ఊళ్లకు చాలా ముఖ్యం. ముందురోజు సాయంత్రం వాన పడి మర్నాడు ఉదయానికి బంకర్లలో నీళ్లు అలాగే ఉన్నాయంటే కింద కాల్వలు పని చేయడం లేదని అర్థం. దీనికి నిపుణుడు అక్కర్లేదు, కళ్లుంటే చాలు.

గడియారం చేతిలో పెట్టుకోండి

స్థానిక ఆటగాళ్లను అన్నిటికంటే విసిగించేది గడ్డి కాదు, నిరీక్షణ. నలుగురి బృందం 18 హోల్స్ ముగించడానికి నాలుగు గంటల పైచిలుకు పడుతుంది. ఐదున్నర అయిందంటే ఎక్కడో తేడా ఉంది. ఎక్కడ?

చాలాసార్లు తప్పు ఆటగాళ్లది కాదు, బుకింగ్ లెక్కది. బృందానికీ బృందానికీ మధ్య 8 నిమిషాలు పెడితే ఆరు గంటల్లో 45 బృందాలు, అంటే 180 మంది పోతారు. 10 నిమిషాలు పెడితే 36 బృందాలు, 144 మందే. ఆదాయం తగ్గుతుందని చాలాచోట్ల 8కే మొగ్గుతారు. ఇప్పుడు ఒక పార్ 3 హోల్ ఉందనుకోండి. అక్కడ ఒక బృందం టీ నుంచి కొట్టి గ్రీన్ ఖాళీ చేసేదాకా వెనకవాళ్లు ఆగాలి. దానికి 11 నిమిషాలు పడుతుంది. ఎనిమిది నిమిషాలకో బృందం వస్తోంది, 11 నిమిషాలకో బృందం కదులుతోంది. అంటే ప్రతి బృందం దగ్గర మూడు నిమిషాలు పేరుకుంటాయి. పదో బృందం వచ్చేసరికి 27 నిమిషాలు నిలబడాలి! మన టోల్‌గేట్ దగ్గర క్యూ పెరిగేది కూడా ఇలాగే.

మీరు చేయాల్సింది చిన్న పని. బుక్ చేసిన సమయం, నిజంగా మొదటి బంతి కొట్టిన సమయం, తొమ్మిదో హోల్ ముగిసిన సమయం, పద్దెనిమిదోది ముగిసిన సమయం రాసుకోండి. ఎక్కడ పది నిమిషాలకు మించి ఆగారో ఆ హోల్ నంబరు వేయండి. అదీ ఆదివారం ఉదయం. మంగళవారం మధ్యాహ్నం ఖాళీ మైదానంలో మూడున్నర గంటల్లో ఆడేసి ‘ఆట చకచకా సాగింది’ అని రాస్తే చదివినవాడు ఆదివారం వెళ్లి మిమ్మల్ని తిట్టుకుంటాడు.

మొత్తం ఎంతయింది?

గ్రీన్ ఫీజు ఒక్కటే చెప్పి వదిలేయడం సమీక్షల్లో తరచూ కనిపించే లోపం. క్యాడీ ఫీజు, బ్యాటరీ బండి, స్టిక్‌ల అద్దె, ప్రాక్టీస్ బంతులు, పన్ను, వారాంతపు అదనం... ఇవన్నీ కలిస్తే గ్రీన్ ఫీజుకు రెట్టింపు కావచ్చు. సాయంత్రం ఆలస్యంగా మొదలుపెట్టేవారికి తక్కువ ధర ఉంటే, చీకటి పడేలోపు ఎన్ని హోల్స్ అవుతాయో కూడా చెప్పాలి. స్థానికులకో ధర, బయటివారికో ధర అన్నది చాలాచోట్ల ఉంది. కాలిఫోర్నియాలో శాన్ డియేగో నగరపాలక సంస్థ నడిపే టోరీ పైన్స్‌లో నగరవాసులు కట్టేదానికీ బయటివాళ్లు కట్టేదానికీ పెద్ద తేడా. 2008లో, 2021లో యూఎస్ ఓపెన్ జరిగిన చోటు అది. అక్కడి ఊరివాడికి చవక, మీకు ఖరీదు. కాబట్టి ‘ఇచ్చిన డబ్బుకు విలువ’ అన్న మార్కు ఎవరి డబ్బుకో చెప్పండి.

మన దేశంలో చాలా కోర్సుల్లో క్యాడీని పెట్టుకోవాల్సిందే. సమీక్షకుడికి ఇది వరం. రోజూ ఆ నేల మీద నడిచేది ఆయనే. ఏ గ్రీన్ ఎటు వాలుతుందో, వానకు ఏ హోల్ మునుగుతుందో, ఎవరి హయాంలో గడ్డి బాగుండేదో అన్నీ తెలుసు. ‘అన్నా, ఇక్కడ మీకు నచ్చని హోల్ ఏది?’ అని అడిగి చూడండి, బ్రోషర్‌లో లేనిదంతా బయటికొస్తుంది. పేరు మాత్రం రాయొద్దు, ఆయన ఉద్యోగానికి ముప్పు. ఈ ఆటను డబ్బున్నోళ్ల ఆట అన్నాం కదా... 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా మొదలైనవారే. 2008లో ఇండియన్ మాస్టర్స్ గెలిచిన ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో పచ్చిక పని చేసేవారు. మైదానాన్ని దగ్గర నుంచి చూసినవాళ్ల దగ్గర ఎంత విద్య ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

వారాంతపు ట్రిప్ అంటే కారులో ఇంకొకరూ ఉంటారు

స్థానిక ఆటగాడి కోసం రాసేదీ, ఊరు దాటి వెళ్లేవారి కోసం రాసేదీ ఒకటి కాదు. ప్రయాణం ఉందంటే ఆడనివాళ్లు కూడా వెంట ఉంటారు. భార్యో, భర్తో, అమ్మానాన్నలో, ఐదేళ్ల పాపో. మీరు ఆడే నాలుగున్నర గంటలు వాళ్లు ఏం చేయాలి? సిమ్లాకు 20 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని నల్దేహ్రా కోర్సు దేవదారు చెట్ల మధ్య ఉంటుంది కాబట్టి, వెంట వచ్చినవారికి ఆ చుట్టుపక్కలే కాలక్షేపం. గుల్‌మార్గ్‌లో గోల్ఫ్ కోర్సు సముద్ర మట్టానికి 2,600 మీటర్ల పైన ఉంది. గాలి పలచన, బంతి మీ ఊళ్లో కంటే దూరం పోతుంది. మొదటి రోజు నడిస్తే ఆయాసమూ వస్తుంది. చలికాలమంతా మంచు కిందే ఉంటుంది కాబట్టి ఆట వేసవి నెలల్లోనే. కొండ మీదికి పెద్దవాళ్లను తీసుకెళ్లే మనిషికి యార్డుల లెక్క కన్నా ఇవి ముందు కావాలి.

మన దగ్గర గోల్కొండ పక్కన హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్, గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్, విశాఖలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉన్నాయి. ఢిల్లీలోలా నేరుగా నడిచి వెళ్లి ఆడే పబ్లిక్ కోర్సులు కావివి. అతిథులకు ఏ రోజుల్లో, ఎంత రుసుంతో, సభ్యుల సిఫార్సు కావాలా లేదా అన్నది ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ జవాబునే తేదీ వేసి రాస్తే అదే సగం సమీక్ష. గోల్కొండ కోర్సు నయా ఖిల్లా గోడల మధ్య ఉంది. ‘హతియాన్ కా ఝాడ్’ అని పిలిచే పేద్ద బాబాబ్ చెట్టు అక్కడే. చరిత్ర చూద్దామని వచ్చేవారికీ ఆటగాళ్లకూ మధ్య ఆ స్థలం గురించి వాదన ఎప్పట్నుంచో ఉంది. అక్కడి మైదానం గురించి రాస్తూ ఆ గోడల ఊసెత్తకపోతే చూడాల్సింది చూడనట్టే.

ఉచితంగా ఆడనిస్తే?

రాయడం మొదలుపెట్టిన కొన్నాళ్లకు ఏదో ఒక కోర్సు నుంచి పిలుపొస్తుంది. ‘మీరు రండి సార్, ఆట మా తరఫున, భోజనం కూడా.’ స్నేహితుల్లో గొప్పగా ఉంటుంది. వెళ్లొద్దని చెప్పను. కానీ ఆ ముక్క మొదటి వాక్యంలోనే రాయాలి. సోషల్ మీడియాలో ప్రచారం చేసేవారు డబ్బు, ఉచిత సేవ, బహుమతి ఏది తీసుకున్నా స్పష్టంగా చెప్పాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇదే విషయం మీద మరో పత్రం విడుదల చేసింది. ఆన్‌లైన్ సమీక్షల కోసం బీఐఎస్ ప్రమాణం ఐఎస్ 19000 కూడా 2022లో వచ్చింది. ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఈ మూడింటి సంగతి తెలిసిన అభ్యర్థికీ తెలియని అభ్యర్థికీ తేడా కనిపిస్తుంది.

అన్నిటికంటే గట్టి రక్షణ సొంత డబ్బుతో, పేరు చెప్పకుండా ఆడటం. డబ్బులేవీ అంటారా? నెలకు ఒకసారి, తొమ్మిది హోల్సే ఆడండి. ఆ మాట కూడా రాయండి: ‘తొమ్మిదే ఆడాం, మిగతా తొమ్మిది నడిచి చూశాం.’

విమర్శ రాసేటప్పుడు భాష చూసుకోవాలి. ‘ఇక్కడి సిబ్బంది దొంగలు’ అంటే మీ మీద కేసు పడుతుంది, చదివినవాడికీ ఏం తెలియదు. ‘బుకింగ్‌లో చెప్పిన మొత్తం కంటే కౌంటర్ దగ్గర ఎక్కువ తీసుకున్నారు, కారణం అడిగితే వారాంతపు అదనం అన్నారు, ఆ సంగతి ధరల పట్టికలో లేదు’ అని రాసి రసీదు దాచుకోండి. చూసింది, అడిగింది, వాళ్లు చెప్పింది. తిట్టు అక్కర్లేదు, విషయమే గట్టిగా మాట్లాడుతుంది. పొగిడేటప్పుడూ అంతే. ‘అందమైన హోల్’ అన్నది మాట కాదు. ‘పన్నెండో హోల్‌లో ఎడమ పక్కన చెరువు, కుడి పక్కన విశాలంగా ఖాళీ. భయపడేవారికి దారి ఉంది, ధైర్యం చేసేవారికి ఒక షాట్ మిగులుతుంది’ అన్నది మాట.

మరి ఉద్యోగం?

దాపరికం లేకుండా చెప్పుకొందాం. గోల్ఫ్ మైదానాల సమీక్షకుడు అన్న పేరుతో నెల జీతమిచ్చే కొలువులు మన దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా ఉండవు. విదేశీ పత్రికల ర్యాంకింగ్ ప్యానెళ్లలో ఉండేవాళ్లకు కూడా సాధారణంగా జీతం ఉండదు. అమెరికాలో కోర్సు రేటింగ్ లెక్కలు కట్టే బృందాల్లో ఎక్కువమంది స్వచ్ఛందంగా పనిచేసేవారే. ‘ఆడుకుంటూ లక్షలు’ అని ఎవరైనా వీడియోలో చెబితే నమ్మకండి.

కానీ ఈ పనిలో నేర్చుకునే చూపుకు గిరాకీ ఉంది. వార్తా సంస్థల క్రీడా విభాగం, గోల్ఫ్ యాత్రలు ఏర్పాటు చేసే ట్రావెల్ సంస్థలు, టీ టైం బుకింగ్ యాప్‌లు, రిసార్టుల ఫ్రంట్ ఆఫీస్, క్లబ్బుల ఆపరేషన్స్ విభాగం... ఇక్కడంతా కావాల్సింది మైదానాన్ని ఆటగాడి కళ్లతో చూసి నాలుగు మాటల్లో చెప్పగలిగే మనిషి. బీఎస్సీ అగ్రికల్చర్, హార్టికల్చర్ చదివినవారికి పచ్చిక నిర్వహణ వైపు తలుపు తెరుచుకుంటుంది. గ్రీన్ ఎందుకు పాడైందో కారణంతో సహా రాయగలిగేది మీరే కాబట్టి, మిగతావాళ్ల కన్నా ఒక మెట్టు పైన మొదలవుతారు. హోటల్ మేనేజ్‌మెంట్, టూరిజం విద్యార్థులకు ఇది ఇంటర్న్‌షిప్ అడగడానికి మంచి సాకు. డ్రోన్‌తో వీడియోలు తీస్తామనేవాళ్లు మాత్రం ఆగండి. మైదానం యాజమాన్యం సరేనన్నా సరిపోదు, డ్రోన్ నిబంధనలు, 2021 ప్రకారం ఆ ప్రాంతం ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి. గోల్ఫ్ కోర్సుల పక్కన తరచూ సైనిక స్థలాలుంటాయి.

ఎంఎస్‌కి అమెరికా వెళ్లేవారికి ఒక హెచ్చరిక. అక్కడ నగరపాలక సంస్థల కోర్సులు దగ్గర్లోనే ఉంటాయి, ఆడటానికీ రాసుకోవడానికీ అభ్యంతరం ఉండదు. దాని మీద డబ్బు రావడం మొదలైతే మాత్రం ఎఫ్-1 వీసా నిబంధనలు అడ్డొస్తాయి. అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేయకూడదు. ప్రకటనల ఆదాయం, స్పాన్సర్ చెల్లింపు ఏదైనా సరే, ముందు యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడగండి. వారం రోజుల గోల్ఫ్ కోసం రెండేళ్ల చదువును పణంగా పెట్టకండి.

ఆట రాకపోతే ఎలా? రాకపోతే నేర్చుకోవాల్సిందే, దీనికి దగ్గరిదారి లేదు. మొదట డ్రైవింగ్ రేంజ్‌కు వెళ్లండి. ఒక బుట్ట బంతులు కొట్టే ఖర్చు 18 హోల్స్ ఖర్చులో చిన్న భాగమే. రేంజ్ మీదే మొదటి సమీక్ష రాయొచ్చు కూడా. చాపలు అరిగిపోయాయా, బంతులు పగిలాయా, దూరం సూచించే బోర్డులు సరైనవేనా, కోచ్ గంటకు ఎంత తీసుకుంటారు, కొత్తవాళ్లను చూసి విసుక్కుంటారా. ఇది చదివి పదిమంది ఆ రేంజ్‌కు వెళ్తే మీరు రాయడం మొదలైనట్టే.

దరఖాస్తుకు జత చేయడానికి ఇరవై సమీక్షలు అక్కర్లేదు. ఒకే కోర్సును వేసవిలో, వానాకాలంలో, చలికాలంలో మూడుసార్లు చూసి రాసినవి మూడు చాలు. ప్రతిదాని పైన తేదీ, వారం, మొదటి బంతి కొట్టిన సమయం, ఏ టీ, మొత్తం ఖర్చు, ఎవరు చెల్లించారు అన్న ఆరు వివరాలు ఒకే వరుసలో ఉండాలి. ధరలు మారితే పాత అంకె కొట్టేసి కొత్తది పక్కన వేయండి, ఏ రోజు మార్చారో చెప్పండి. తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి రాసి ఉంచుకుంటే రెండు రకాల డెస్కులకూ పనికొస్తాయి. దరఖాస్తు పంపే ముందు గోల్ఫ్ తెలియని మీ ఇంట్లో ఒకరికి చదివి వినిపించి, ఆదివారం అక్కడికి ఎన్నింటికి బయల్దేరాలో, ఎంత డబ్బు పట్టుకెళ్లాలో చెప్పమనండి.